నేరకథలో నవ్వు: ‘హాస్యోపశమనం’ అనవచ్చా?

సందేహం: హత్యలు, దర్యాప్తులతో సాగే గంభీరమైన సీరియళ్లలో మధ్యమధ్య వచ్చే నవ్వుల ఘట్టాన్ని మాటల్లో ‘కామెడీ రిలీఫ్’ అంటున్నాం. సమీక్షలో ‘హాస్యోపశమనం’ అని రాయవచ్చా? అసలు అలాంటి చోట నవ్వించడం రసభంగం కాదా?

సమాధానం: సంధిలో తప్పు లేదు. హాస్య, ఉపశమనం కలిస్తే గుణసంధే. చిక్కంతా సమాసంతో. జ్వరోపశమనం అంటే జ్వరం తగ్గడం. అదే వరుసలో హాస్యోపశమనం అంటే నవ్వు తగ్గిపోవడమని చెవికి తోస్తుంది. ‘హాస్యం చేత ఉపశమనం’ అని తృతీయా తత్పురుష చెప్పుకోవచ్చు గాని, విగ్రహవాక్యం పక్కన రాస్తే తప్ప తెలియని మాట సమీక్షకు దేనికి? ‘హాస్యపు ఊరట’ నయం. (టుగాగమం పాటించి ‘హాస్యపుటూరట’ అంటే ఊరట పోయి ఉలుకు మిగులుతుంది.) అన్నిటికంటే క్రియతో చెప్పడం హాయి: ‘హెడ్ కానిస్టేబుల్ వచ్చినప్పుడల్లా కథ బిగి కాస్త సడలుతుంది.’ మాటల్లో ‘కామెడీ రిలీఫ్’ స్థిరపడింది, ఉండనివ్వండి.

‘పిట్టకథ’, ‘ఆటవిడుపు’ మాత్రం చూసి వాడాలి. పిట్టకథ హరిదాసు అసలు కథ ఆపి చెప్పేది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే రభస ఆటవిడుపు. రామరావణ యుద్ధానికి దానితో పనిలేదు. నవ్వు కథలో భాగమైనప్పుడు ఈ మాటలు పొసగవు.

ఇక రసభంగం. హాస్యానికి కరుణ, భయానకాలు విరోధి రసాలని ఆలంకారికులు చెప్పినది నిజమే. ఆశ్రయం, అంటే ఆ భావం కలిగే వ్యక్తి, వేరైతే ఆ విరోధం పోతుందనీ వాళ్లే అన్నారు. శూద్రకుడి మృచ్ఛకటికం చూడండి. 10 అంకాల ప్రకరణం, అంటే కల్పిత కథతో నడిచే సంస్కృత నాటకం. దొంగతనం, హత్యాయత్నం, అబద్ధపు నేరారోపణ, విచారణ అన్నీ ఉన్నాయి. 3వ అంకంలో శర్విలకుడు గోడకు కన్నం వేయడానికి వచ్చి, కొలతాడు మరిచానని జంధ్యంతో కొలుస్తాడు. 10వ అంకంలోనైతే, నాయిక వసంతసేనను చంపాడన్న అబద్ధపు నేరంపై నాయకుడు చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి తెచ్చిన తలారులిద్దరూ ఇవాళ చంపే వంతు ఎవరిదని తగువు పడతారు. వంతు పడ్డవాడు, తొందరపడొద్దని తన తండ్రి చెప్పాడంటాడు: ఎవరో డబ్బు కట్టి విడిపించవచ్చు, రాజుకు కొడుకు పుట్టవచ్చు, ఏనుగు కట్టు తెంచుకోవచ్చు, రాజే మారిపోవచ్చు! ప్రేక్షకుడు నవ్వుతాడు, చారుదత్తుడు నవ్వడు. దుఃఖానికి ఆశ్రయం అతను, హాస్యానికి తలారులు. పైగా ఆ జాప్యంలోనే, చనిపోయిందనుకున్న వసంతసేన పరుగున వస్తుంది. రాజు మారడమూ నిజమవుతుంది. దీన్ని ఒట్టి ‘రిలీఫ్’ అంటే తక్కువ చేసినట్టే.

చెడేదెక్కడంటే, కొడుకు శవం ముందు కూలబడ్డ తండ్రి నోటనే పంచ్ డైలాగు పలికించినప్పుడు. ఆశ్రయం ఒకటైపోయింది, ఏడుపూ నవ్వూ రెండూ పండవు. అక్కడ మొహమాటం లేకుండా ‘రసభంగం’ అనే రాయండి.