మొదటి పీరియడ్‌లోనే వెనకబడితే: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు కోచింగ్ ఇస్తున్న పిల్లల ఐస్ హాకీ జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి పీరియడ్‌లోనే, అంటే ఆట మూడు భాగాల్లో మొదటిదానిలోనే, రెండు మూడు గోల్స్ ఇచ్చి, ఇక తేరుకోలేకపోతోందని రాశావు. పిల్లల్లో కసి లేదని బాధపడ్డావు. ఆ మాట మాత్రం వాళ్ల ముందు అనకు నాయనా. పన్నెండేళ్ల పిల్లలు వెనకబడ్డాక చేసే తప్పుల్లో చాలావరకు కసి ఎక్కువై చేసేవే.

ఈసారి గోల్ పడ్డాక నీ ఆటగాళ్లు ఎంతసేపు మంచు మీద ఉంటున్నారో చూడు. నలభై అయిదు సెకన్లలో బెంచికి రావలసిన పిల్లవాడు నిమిషం దాటినా రాడు. తానే గోల్ కొట్టి లెక్క సరిచేయాలని వాడి తపన. ఈలోగా కాళ్లు బరువెక్కుతాయి. ప్రత్యర్థిని అందుకోలేక స్టిక్ అడ్డుపెడతాడు, పెనాల్టీ పడుతుంది. మరోపక్క డిఫెన్స్ పిల్లలు కూడా గోల్ కోసం ముందుకు ఎగబడతారు. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) చేజారిందా, అవతలివాళ్లు ఇద్దరు ముగ్గురు మన గోలీ (గోల్‌కీపర్) మీదికి దూసుకొస్తారు, అడ్డుకోవడానికి ఒక్కడే మిగులుతాడు. రెండో గోల్, మూడో గోల్ ఇలాగే వస్తాయి. రెండో పీరియడ్‌లో మరీ కష్టం. జట్లు వైపులు మారతాయి కాబట్టి మన డిఫెన్స్‌కు బెంచి దూరమవుతుంది, అలసినవాడు అంత దూరం రాలేక అక్కడే ఉండిపోతాడు. అందుకని వెనకబడిన మరుక్షణం నుంచి షిఫ్టులు, అంటే ఒక్కో ఆటగాడు ఒక దఫా మంచు మీద ఉండే సమయాలు, ఇంకా చిన్నవి చెయ్యి. పిల్లలకు నేను నేర్పినవాటిలో ఇంతకంటే పనికొచ్చింది మరొకటి లేదు.

ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి గోల్ కొట్టిన జట్టు సుమారు మూడింట రెండు వంతుల మ్యాచ్‌లు గెలుస్తుందని గ్యాలరీలో తల్లిదండ్రులు అనుకుంటూ ఉంటారు. నిజమే. అయితే మెరుగైన జట్టే ముందుగా గోల్ కొట్టడం ఎక్కువగా జరుగుతుంది కదా, ఆ లెక్కలో అది కూడా కలిసి ఉంది. పిల్లలకు మిగిలిన మూడో వంతు గురించి చెప్పు.

2010 మే 14న బోస్టన్‌లో, బోస్టన్ జట్టు మీద జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్ సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్ గురించి చెప్పు. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ మొదటి పీరియడ్‌లోనే 3-0తో వెనకబడింది. మూడో గోల్ పడగానే కోచ్ పీటర్ లావియొలెట్ తనకున్న ఒకే ఒక్క టైమౌట్ (ఆటను కాసేపు ఆపే విరామం) తీసుకున్నాడు. ఆ పీరియడ్ ముగిసేలోగా ఫ్లయర్స్ ఆటగాడు వాన్ రీమ్స్‌డైక్ ఒక గోల్ కొట్టాడు, రెండో పీరియడ్‌లో స్కోరు సమమైంది. చివరి పీరియడ్‌లో బోస్టన్ వాళ్లు లెక్కకు మించి ఆటగాళ్లను మంచు మీదికి పంపి పెనాల్టీ తెచ్చుకున్నారు. పెనాల్టీ వల్ల బోస్టన్‌కు ఒక ఆటగాడు తక్కువైన ఆ పవర్ ప్లేలోనే ఫ్లయర్స్ ఆటగాడు సిమోన్ గాన్యే గెలుపు గోల్ కొట్టాడు. మూడు గోల్స్ ఒక్కసారి కావాలని ఎగబడితే ఆ మ్యాచ్ దక్కేది కాదు. నువ్వు కూడా టైమౌట్‌ను చివరిదాకా దాచుకోకు. ఆ ముప్పై సెకన్లలో ఉపన్యాసం వద్దు, నీళ్లు తాగనిచ్చి తరువాతి షిఫ్టులో ఎవరు ఏం చేయాలో చెప్పు.

గోలీని మార్చడానికి తొందరపడకు. 1980లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా మీద మొదటి పీరియడ్ 2-2తో ముగియగానే సోవియట్ కోచ్ టిఖోనోవ్ ప్రపంచంలోనే మేటి గోలీ అయిన ట్రెట్యాక్‌ను పక్కనపెట్టాడు. సోవియట్ జట్టు 4-3తో ఓడింది. మీ గోలీ చిన్నపిల్లవాడు, మొదటి గోల్‌కే మార్చేస్తే ఆ తప్పంతా తనదేనని ఇంటికి మోసుకెళతాడు.

ఇంకో మాట. వెనకబడ్డాక మనవాళ్ల షాట్లు పెరిగాయని మురిసిపోవద్దు. ముందంజలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి, దూరం నుంచి కొట్టనిస్తుంది. నెట్ ముందు నుంచి ఎన్ని కొట్టారో లెక్కపెట్టు.

తెగించి ఆడే సమయమూ ఉంది, కానీ అది చివర్లో. 2013లో టొరంటో మీద బోస్టన్ మూడో పీరియడ్‌లో 4-1తో వెనకబడి, ముందు ఒక గోల్ కొట్టి, ఆఖరి నిమిషంన్నరలో గోలీని బయటికి రప్పించి, అతని బదులు దిగిన ఆరో ఆటగాడితో ఇంకో రెండు గోల్స్ కొట్టి సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో గెలిచింది.

అసలు వెనకబడకుండా చూసుకోవడం మరో పని. కారు దిగి నేరుగా స్కేట్లు కట్టుకున్న పిల్లలకు ఒళ్లు వేడెక్కేసరికి అయిదు నిమిషాలు గడిచిపోతాయి. డ్రెస్సింగ్ రూమ్ బయట కాసేపు పరుగెత్తించు. మొదటి షిఫ్టుకు గోల్స్ కొట్టే లైన్‌ను (కలిసి మంచు మీదికి దిగే ఆటగాళ్ల బృందాన్ని) కాకుండా నిలకడగా ఆడే లైన్‌ను పంపు. వచ్చే మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లో గోల్ పడితే, అప్పుడు ఏ లైన్ ఆడుతోందో, ఎంతసేపటిగా ఆడుతోందో రాసిపెట్టుకుని నాకు ఫోను చెయ్యి.

ప్రేమతో,
మామయ్య