జవాబు: ద్రవ్యోల్బణం సగమైతే ధరలు సగమైనట్టు కాదు

అన్నగారూ, బ్రిటన్‌లో ఉన్న మీ అబ్బాయి అబద్ధం చెప్పట్లేదు. "బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం సగానికి పడిందని అప్పటి ప్రధాని రిషి సునాకే చెప్పాడు, మరి వీడికి నెలనెలా డబ్బు ఎందుకు చాలట్లేదు" అన్నారుగా, తిరకాసు ఆ మాటలోనే ఉంది.

2022 అక్టోబర్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 11.1 శాతం. 2023 అక్టోబర్‌లో 4.6. తగ్గింది ధరలు కాదు, అవి పెరిగే వేగం. 2021లో 100 పౌండ్లయిన సరుకులు ఏడాదికి 111 అయ్యాయి, ఆ పై ఏడాది 116 దాటాయి. మళ్లీ 100కి దిగింది ఎక్కడ? పైగా ఇది సగటు లెక్క. తిండి సరుకులు విడిగా చూస్తే అప్పటికీ 10 శాతం పైనే పెరుగుతున్నాయి.

ఇక "మేమే తగ్గించాం" అన్న సునాక్ గొప్పలు. 2023 అక్టోబర్‌లో అంకె అంత పడటానికి ముఖ్య కారణం కరెంటు, గ్యాస్ బిల్లులు. ముందు ఏడాది అవి భగ్గుమన్నాయి కాబట్టి, దాంతో పోలిస్తే అంకె తగ్గింది. ధరల వేగానికి కళ్లెం వేయడానికి వడ్డీ రేట్లు పెంచింది కూడా అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే, ప్రధాని కాదు. (మన దగ్గర వాన పడినా మంత్రిగారి చలవే కదా!)

ఈసారి హెడ్డింగ్ వదిలేసి, వాళ్ల గణాంక సంస్థ ఓఎన్‌ఎస్ సైట్‌లో తిండి, అద్దె వరుసలు చూడండి. పిల్లాడికి ఇంకాస్త పంపండి.