లేని సభ్యుల చందా మీ కార్డు మీదెందుకు?

ఒక పాఠకుడి ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను: "వాలంటీర్లే నడిపే ఒక అంతర్జాతీయ క్లబ్‌కి మూడేళ్లుగా ట్రెజరర్‌ని. ఒకప్పుడు 32 మంది ఉండేవాళ్లం, ఇప్పుడు 14. కనీసం 20 మంది చందా కట్టకపోతే హెడ్డాఫీసు గుర్తింపు తీసేస్తుంది. అందుకే పోయిన రెండు విడతలూ మానేసిన ఆరుగురి పేర్ల మీద నా క్రెడిట్ కార్డుతో కట్టాను. ఈ విడతకి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. ఈలోగా అమెరికాలో ఉన్న మా హెడ్డాఫీసు సీఈఓ జీతం చూసి కడుపు మండిపోయింది. మేం ఊరికే పని చేస్తుంటే ఆయనకి అంత జీతమా?"

లోన్ వద్దు. జీతం సంగతి తర్వాత.

క్లబ్ కానీ, పాత విద్యార్థుల సంఘం కానీ, డబ్బు తక్కువైనప్పుడు ట్రెజరర్ జేబులోంచి తీసి సర్దేయడం నేను తరచూ చూసే తప్పు. నేనూ చేశాను, ఒక చిన్న సంఘానికి లెక్కలు రాసే రోజుల్లో. నా నోటుబుక్‌లో ఒక పేజీ నిండా పేర్లు, పక్కన "తర్వాత ఇస్తా" అని పెన్సిల్ రాత. ఆ "తర్వాత" ఇప్పటికీ రాలేదు. మీరు కట్టినదానికి మీటింగ్ మినిట్స్‌లో ఒక్క ముక్కైనా రాశారా? రాయకపోతే అది అప్పు కాదు, మీకు తెలియకుండా మీరిచ్చిన విరాళం. పోయిందనే అనుకోండి.

ఉత్తరం చివర్లో మీరు తేలిగ్గా రాసిన మాట నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది: ఉన్న ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ పోయినేడాది తీసేశారు, ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. కార్డు మీద నెలకి మూడు శాతం పడుతోందన్నారు. చక్రవడ్డీ లెక్కన అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. రేపు ఉద్యోగం పోతే ఆరు నెలలు ఇల్లు గడవడానికి దారి లేని మనిషి, క్లబ్‌కి ముఖం చూపించని ఆరుగురి చందా కోసం అప్పు చేస్తారా! ముందు కార్డు బాకీ తీర్చండి, ఆ వెంటనే ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. అది పూర్తయ్యేదాకా క్లబ్‌కి మీ టైమ్ ఇవ్వండి, మీ చందా కట్టండి, అంతే. క్లబ్‌కీ ఇదే సూత్రం: హాలు అద్దె లాంటి తప్పని ఖర్చులు ఒక విడతకి సరిపడా దాని ఖాతాలోనే ఉండాలి. 32 మంది ఉన్నప్పుడు పోగేసి ఉంటే ఇప్పుడీ ఉత్తరం వచ్చేది కాదు.

ఇక జీతం. మీ కోపం తప్పనను, కానీ ఒక్క అంకె చూసి ఆగిపోకండి. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న ఇలాంటి సంస్థలు ఏటా ఫారం 990 అనే లెక్కల పత్రాన్ని అక్కడి పన్ను శాఖకి దాఖలు చేస్తాయి, చివరి మూడేళ్లవి ఎవరడిగినా చూపించాలి. మొదటి పేజీలోనే ఉద్యోగులెందరు, వాలంటీర్లెందరు అని ఒకదాని కింద ఒకటి రెండు గళ్లుంటాయి. వాటి దిగువన పోయినేడాది, ఈ ఏడాది ఆదాయ వ్యయాలు పక్కపక్కనే కనిపిస్తాయి. జీతాలు ఏడో భాగంలో ఉంటాయి. పెద్ద జీతాలైతే షెడ్యూల్ జె అనే అనుబంధంలో అసలు జీతమెంత, బోనస్ ఎంత, తర్వాత ఇచ్చేలా దాచిపెట్టింది ఎంత అని విడివిడిగా చూపిస్తారు. ఆ జీతాన్ని సంబంధం లేని వ్యక్తులు, ఇలాంటి ఇతర సంస్థల జీతాలతో పోల్చి చూసి ఆమోదించారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలోనే ఉంది. మీరు పట్టుకోవాల్సింది ఆ పోలికనే. ఎవరితో పోల్చారు? సభ్యులు తగ్గాక మళ్లీ పోల్చారా? ఎందుకంటే సభ్యులు నాలుగో వంతు తగ్గి ఖర్చులు అలాగే ఉంటే, జీతం పైసా పెంచకపోయినా మిగిలినవాళ్ల తలకి భారం మూడో వంతు పెరుగుతుంది. చందా పెంచుతారు, అది చూసి ఇంకో నలుగురు మానేస్తారు.

మీ కార్డు చేసిన అసలు నష్టం ఇక్కడుంది, మీరు గమనించినట్టు లేరు. 14 మంది ఉన్న క్లబ్‌ని రెండు విడతలుగా హెడ్డాఫీసుకి 20 మంది ఉన్నట్టు చూపించారు. మీలాంటి మంచి ట్రెజరర్లు ఇంకెందరు ఇలా పూడుస్తున్నారో! జీతం నిర్ణయించే బోర్డు ముందున్న కాగితంలో సభ్యులు నిజంగా తగ్గినంత తగ్గినట్టు కనపడరు. మీకు కడుపు మండించిన జీతానికి మీరే 42 శాతం వడ్డీ మీద కాపు కాస్తున్నారు.

దగ్గర్లో ఉన్న ఇంకో క్లబ్‌తో కలిసిపోవడం, హాలు మానేసి ఆన్‌లైన్‌లో కలవడం, ఇవి కమిటీలో మాట్లాడుకోండి. మీ ఆరోగ్య బీమా ఎంతకుందో రాయలేదు, అదీ చూసుకోండి.

ఈ విడత లిస్టులోంచి ఆ ఆరు పేర్లూ కొట్టేసి 14 పేర్లే పంపండి. కింద రెండు వాక్యాలు రాయండి: ఇంతమందిమే మిగిలాం, గుర్తింపు నిలుపుకోవడానికి గడువిస్తారా? ఆ కాగితం మీద మీతో పాటు అధ్యక్షుడూ సంతకం పెట్టాలి.