డీసీ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు సరే, కాలిపోవడం ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (విద్యుత్తు ఇచ్చే తీగచుట్టకు) 12 వోల్టుల బ్యాటరీ కలిపి, సెకండరీకి (విద్యుత్తు తీసుకునే రెండో చుట్టకు) మీటరు పెట్టి చూశాం. స్విచ్ వేసిన క్షణంలో ముల్లు ఒక పక్కకు కదిలి వెంటనే సున్నాకు వచ్చేసింది. స్విచ్ తీసినప్పుడు రెండో పక్కకు కదిలింది. మధ్యలో ఎంతసేపు ఉంచినా చలనం లేదు. డీసీతో, అంటే ఒకే దిశలో పారే విద్యుత్తుతో, ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదని పుస్తకంలో చదివాం. అయితే 230 వోల్టుల డీసీ ఇస్తే అది కాలిపోతుందని మా అధ్యాపకులు చెప్పారు. పనిచేయకపోవడం వేరు, కాలిపోవడం వేరు కదా?
– ఇంటర్మీడియట్ విద్యార్థి, తెనాలి

సమాధానం: నిజమే, అవి రెండు వేర్వేరు సంగతులు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా మొదటిదాన్ని వివరించి రెండోదాన్ని వదిలేస్తాయి.

మీరు చూసిన ముల్లు కదలికనే 1831 ఆగస్టు 29న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే చూశారు. ఒక ఇనుప వలయానికి రెండు పక్కలా రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ, రెండోదానికి ప్రవాహాన్ని చూపే సాధనం కలిపితే, బ్యాటరీ కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండో చుట్టలో ప్రవాహం కనిపించింది. ప్రైమరీలో ప్రవాహం ఉన్నంతసేపూ ఇనుములో అయస్కాంత అభివాహం (ఇనుము గుండా పోయే అయస్కాంత బలరేఖల మొత్తం) ఉంటుంది. అయితే సెకండరీలో వోల్టేజి పుట్టించేది ఆ అభివాహం ఉండటం కాదు, అది మారడం. ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి వస్తుంది. మార్పు ఆగిన క్షణంలో వోల్టేజి సున్నా అవుతుంది. అందువల్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు కావలసింది ఏసీ అనడం కంటే, మారుతూ ఉండే అభివాహం అనడమే సరైన మాట. సెకనుకు 50 సార్లు క్రమం తప్పకుండా అటూ ఇటూ తిరిగే మన ఏసీ ఆ మార్పును నిరంతరంగా, నునుపుగా ఇస్తుంది.

ఇక కాలిపోవడం గురించి. ఆ మారే అభివాహం సెకండరీ గుండానే కాదు, దాన్ని పుట్టించిన ప్రైమరీ గుండా కూడా పోతుంది. అందువల్ల ప్రైమరీలో కూడా ఒక వోల్టేజి ప్రేరితమవుతుంది, అది మనం ఇచ్చిన వోల్టేజికి దాదాపు సమానంగా ఉండి దాన్ని ఎదిరిస్తుంది. దీన్నే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు. ఏసీ మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేది ఇదే కాని, రాగితీగ నిరోధం కాదు. ఉదాహరణకు ఒక చిన్న 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నిరోధం 20 ఓములు అనుకుందాం. సెకండరీకి ఏమీ కలపకుండా ఏసీ ఇస్తే, వ్యతిరేక బలం కారణంగా అది తీసుకునేది కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లే. అదే 230 వోల్టులు డీసీగా ఇస్తే ఎదిరించేది ఆ 20 ఓములే కాబట్టి ప్రవాహం 11.5 ఆంపియర్లకు చేరుతుంది, చుట్టలో 2,645 వాట్ల వేడి పుడుతుంది. అరచేతిలో పట్టే వస్తువులో ఇది గదిని వేడిచేసే హీటరుతో సమానం. ఫ్యూజు పోకపోతే తీగ మీది ఎనామిల్ పూత మాడి, చుట్టలు ఒకదానికొకటి తగిలి, పొగ వస్తుంది. మీ 12 వోల్టుల బ్యాటరీతో అదే చుట్టలో 0.6 ఆంపియరు, అంటే సుమారు 7 వాట్ల వేడి మాత్రమే కాబట్టి మీ ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం వేడెక్కి బతికిపోయింది.

డీసీ ఇచ్చిన వెంటనే ప్రవాహం 11.5 ఆంపియర్లకు చేరదు, మొదట అభివాహం పెరుగుతూ పోతుంది, అది పెరిగినంతసేపూ వ్యతిరేక బలం ఉంటుంది. మరి అలాగే పెరుగుతూ పోనివ్వవచ్చు కదా అంటే, ఇనుము ఒప్పుకోదు. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే సిలికాన్ ఉక్కు రెండు టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర తీవ్రతకు ప్రమాణం) దరిదాపుల్లో సంతృప్తమవుతుంది. ఆ తరువాత ప్రవాహం ఎంత పెరిగినా అభివాహం దాదాపు పెరగదు, వ్యతిరేక బలం కుప్పకూలుతుంది. సాధారణంగా రూపొందించిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల డీసీ ఇస్తే సెకనులో వందో వంతు గడవకముందే ఈ స్థితి వస్తుంది. ఏసీలో సరిగ్గా ఆ వందో వంతు సెకనుకోసారి వోల్టేజి దిశ తిరిగిపోతుంది కాబట్టి ఇనుము ఆ గీత దాటే అవకాశం రాదు. దిశ మారడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదేనని నా అభిప్రాయం.

అందుకే పౌనఃపున్యం (ఏసీ సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతుందో ఆ సంఖ్య, హెర్ట్జ్‌లలో) తగ్గితే ఇనుము ఎక్కువ కావాలి. అమెరికాలో 60 హెర్ట్జ్‌కు తయారైన పాత ఆంప్లిఫయర్‌ను ఇక్కడికి తెచ్చి, వోల్టేజి తగ్గించే పెట్టె ద్వారా వాడితే వోల్టేజి సరిపోతుంది కాని పౌనఃపున్యం 50గానే ఉంటుంది. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో అభివాహం 1.2 రెట్లు అవుతుంది, బిగువుగా రూపొందించినదైతే వేడెక్కి గుయ్యిమంటుంది. ఇందుకు భిన్నంగా, మీ ఫోన్ చార్జరు ముందుగా 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి, దాన్ని సెకనుకు వేలాది సార్లు తెంపుతూ కలుపుతూ ఫెర్రైటు కోరున్న (చుట్టల మధ్య ఉక్కుకు బదులు అయస్కాంత పింగాణీ ఉన్న) ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తుంది. అందుకే ఆ ట్రాన్స్‌ఫార్మర్ చింతగింజంత కాకపోయినా, అగ్గిపెట్టెలో ఇమిడే పరిమాణంలో ఉంటుంది.

తెంపడంతో ఎంత వోల్టేజి పుట్టించవచ్చో చూడాలంటే పాత అంబాసిడర్ కారు ఇగ్నిషన్ కాయిల్ చూడండి. 12 వోల్టుల బ్యాటరీ ప్రవాహాన్ని పాయింట్లు (స్విచ్‌లా తెరుచుకునే లోహపు కొనలు) టక్కున తెంపగానే అభివాహం కూలిపోయి, వేల చుట్లున్న సెకండరీలో పది వేల వోల్టులకు పైగా పుట్టి స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ ఎగురుతుంది. మీరు ప్రయోగం మళ్లీ చేసేటట్లయితే స్విచ్ తీసేటప్పుడు వైర్ల కొనలను చేతితో పట్టుకోకండి, బ్యాటరీ చిన్నదైనా షాక్ గట్టిగానే కొడుతుంది.

డీసీ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను ఏం చేయగలదో 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో తెలిసింది. సౌర తుఫాను వల్ల భూమి అయస్కాంత క్షేత్రం కలతపడి, పొడవైన లైన్లలోకి అతి నెమ్మదిగా మారే ప్రవాహాలు చొరబడ్డాయి. ట్రాన్స్‌ఫార్మర్ దృష్టిలో అవి డీసీయే. కోర్లు ప్రతి చక్రంలో ఒక పక్క సంతృప్తమై తరంగాలను వికృతం చేయగా, రక్షణ పరికరాలు ఒకదాని వెంట ఒకటి తెగిపోయి, సుమారు ఒకటిన్నర నిమిషంలో గ్రిడ్ మొత్తం పడిపోయింది. అరవై లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు.

ప్రశ్న: డీసీకి ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాకపోతే, గాజువాకలోని డీసీ కేంద్రంలో అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకున్నాయి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: అవి ఏసీ వైపు ఉన్నాయి. ఒక గ్రిడ్ నుంచి వచ్చే ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ గుండా తగిన వోల్టేజికి మారి, థైరిస్టర్ల (ఎలక్ట్రానిక్ స్విచ్‌ల) గుండా డీసీ అవుతుంది. అదే ప్రాంగణంలో మరో థైరిస్టర్ల వరుస దాన్ని తిరిగి ఏసీ చేసి, ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా రెండో గ్రిడ్‌కు అందిస్తుంది. డీసీ ఆ రెండు వరుసల మధ్య మాత్రమే ఉంటుంది. తూర్పు గ్రిడ్, దక్షిణాది గ్రిడ్ ఒకే లయలో నడవని రోజుల్లో రెంటి మధ్య విద్యుత్తు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇది కట్టారు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది దేశ గ్రిడ్‌లో కలిసింది. ఇలాంటి కేంద్రాల ట్రాన్స్‌ఫార్మర్లలోకి థైరిస్టర్ల చిన్న అసమానతల వల్ల కొద్దిపాటి డీసీ చొరబడుతూనే ఉంటుంది కాబట్టి, వాటి కోర్లను సంతృప్తానికి దూరంగా ఉండేలా రూపొందిస్తారు. డీసీ ఒత్తిడికి తట్టుకునే ఇన్సులేషన్ కూడా వేయవలసి ఉంటుంది. అదే సామర్థ్యం గల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కంటే వీటి ధర ఎక్కువ కావడానికి ఇవే కారణాలు.