ఎండ జాగాలో ఏం నాటాలంటే

సోంపేట

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

విజయనగరంలో మీ కొత్తింటి ముందు జాగా రోజంతా ఎండలో మాడుతోందని, రోజూ నీళ్లు పోసే తీరిక లేదని రాశావు. మా పెరడు కూడా 2018 అక్టోబరు దాకా కొబ్బరి నీడలో ఉండేది. తిత్లీ తుపాను తెల్లవారేసరికి చెట్లను పడగొట్టాక నాకూ అలాంటి బోసి నేలే మిగిలింది. ఆ ఎండకు ఏది ఆగుతుందో అప్పుడు నేర్చుకున్నాను.

గడ్డిగులాబీ వెయ్యి. దాని కాడల్లోనే నీరు దాచుకుంటుంది కాబట్టి వేసవిలో రెండు మూడు రోజులు మరిచిపోయినా చావదు. నీడలో వేస్తే పువ్వు సరిగా విచ్చుకోదు, దానికి ఎండే కావాలి. వేలెడు కొమ్మ తుంచి జానెడు దూరంలో గుచ్చితే చాలు. దానికి శత్రువు నిలవ నీరు. అందుకే మట్టిని కాస్త ఎత్తు చేసి ఇసుక కలుపు. ముసురు పట్టినప్పుడు కొంత కుళ్లుతుంది, నాలుగు కొమ్మలు చూరు కింద కుండీలో ఉంచుకో.

నడిచే దారి పక్కన మాత్రం పొలంగట్ల మీద పాకే బొక్కెనాకు మేలు. అడుగు పడినా ఓర్చుకుంటుంది, తేనెటీగలు కూడా వస్తాయి.

పసుపు పూల వెడేలియా తీగ మాత్రం వద్దు. నర్సరీలో ఎవరైనా అది ఏ పనీ పెట్టదని చెబితే నమ్మకు. నేను నమ్మి వేశాను. కణుపు కణుపుకూ వేరు పోసుకుని తులసికోట చుట్టూ, బావి గట్టు దాకా అల్లుకుంది. దాన్ని వదిలించుకోవడానికి రెండేళ్లు పట్టింది. దాని గుబురులో పాము దాగినా కనిపించదు, మీ ఇంట్లో పసిపిల్ల ఉంది.

అన్నిటికంటే ముందు తుంగ. పైన పీకితే మళ్లీ వస్తుంది, గడ్డలు లోపల ఉంటాయి. ఈ ఎండల్లోనే జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి పారెయ్యి. తొలకరికి మిగిలినవి మొలుస్తాయి, వాటినీ తవ్వు. ఆ తర్వాతే నాటు. మొక్కలు అల్లుకునేదాకా రెండు నెలలు వారానికోసారి కలుపు తియ్యక తప్పదు. ఈ పనికి బద్ధకిస్తే ఏ మొక్కా నీకు తీరిక ఇవ్వదు.

తుంగ పని అయ్యాక కబురు పెట్టు. మీ పెదనాన్న రైల్లో వచ్చేటప్పుడు గడ్డిగులాబీలో గులాబీ రంగు, పసుపు, తెలుపు మూడు రంగుల కొమ్మలూ పంపిస్తాను. తడి చెయ్యకుండా పేపరులో చుడతాను. వాడినట్టు కనిపించినా పారెయ్యకు, మట్టి తగిలితే లేస్తాయి.

పెద్దమ్మ