అక్వేరియం కింద టైల్స్ చిట్లితే హాలంతా మార్పించాలా?

ప్రశ్న: చిక్కడపల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉండేది. నేల బాల్కనీ వైపు కాస్త వాటంగా ఉందని ఇనుప స్టాండు రెండు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాం. ఖాళీ చేద్దామని తొట్టి జరిపితే రెండు టైల్స్ చిట్లి, తుప్పు మరకలు కనిపించాయి. ఆ టైల్స్ ఇప్పుడు దొరకవని, హాలంతా కొత్తగా వేయించాలని, లక్ష అడ్వాన్సులో 70 వేలు పట్టుకుంటానని ఓనర్ అంటున్నారు. పట్టుకోవచ్చా?

జవాబు: రెండు టైల్స్‌కు మీరు కట్టాల్సి రావచ్చు. హాలంతటికీ అక్కర్లేదు.

ముందు మీకు నచ్చని మాట. ఆస్తి బదిలీ చట్టం (1882) 108వ సెక్షన్ ప్రకారం, మామూలు అరుగుదల పోను, ఇల్లు మీరు దిగినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. నడిచీ నడిచీ మెరుపు తగ్గితే అది అరుగుదల. బరువుకు చిట్లితే కాదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి నిండా నింపితే నీళ్లే సుమారు 340 కిలోలు. గాజు, రాళ్లు, స్టాండు కలిస్తే నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. అదంతా నాలుగు సన్నటి కాళ్ల మీద పడింది. స్టాండు మొత్తం కింద మందపాటి ప్లైవుడ్ పరిచి, రసమట్టంతో చూసుకుని ఉంటే బరువు సర్దుకునేది. సొంత ఇంటిని జాగ్రత్తపరుడు ఎలా వాడుకుంటాడో అలాగే వాడాలని అదే సెక్షన్ చెబుతుంది. ఓనర్ తరఫు వకీలు పట్టుకునేది మీ చెక్కముక్కల్నే.

ఇక మీ వైపు. టైల్ కింద సిమెంటు సరిగా పట్టక గుల్లగా ఉంటే తక్కువ బరువుకే చిట్లుతుంది. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. తొట్టికి దూరంగా ఉన్న టైల్స్ కూడా గుల్లగా మోగితే అది తాపీపని లోపమే. శబ్దం వినిపించేలా వీడియో తీయండి. వాటం సంగతి మాత్రం గట్టిగా వాదించలేను. అది మీకు కనిపించింది, తెలిసే పెట్టారు.

డబ్బు లెక్కకు వస్తే, కాంట్రాక్టు చట్టం (1872) 73వ సెక్షన్ సహజంగా కలిగిన నష్టానికే పరిహారం ఇస్తుంది. అగ్రిమెంటులో ఇంత కోసుకుంటామని అంకె రాసుకున్నా, 74వ సెక్షన్ కింద ఆ అంకె లోపు సమంజసమైనంతే. పాత నేల స్థానంలో మీ డబ్బుతో కొత్త నేల వేయించుకుంటే అది పరిహారం కాదు, లాభం. అయితే జోడీ టైల్ దొరకదన్న మాటలో కొంత పస ఉంది, కొట్టిపారేయను. టెర్రస్ మీదో మెట్ల కిందో బిల్డర్ వదిలేసిన టైల్స్ ఉన్నాయేమో వాచ్‌మన్‌ను అడగండి. లేకపోతే ఇద్దరు మేస్త్రీల దగ్గర కొటేషన్లు తీసుకుని, దగ్గరి రంగు టైల్ ఖరీదు, కూలి, పైన కొంత కలిపి ఇస్తామని మీరే రాతపూర్వకంగా చెప్పండి. తాళాలు ఇచ్చేలోగా ఓనర్‌ను పిలిచి ఆయన ఎదుటే ఫోటోలు తీయండి.

ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయసేవల సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కుదరకపోతే దావా వేయడానికి మూడేళ్ల గడువుంది.

మీరు అడగనిది ఒకటుంది. తుప్పు మరకలున్నాయంటే అక్కడ నీళ్లు నిలిచాయన్నమాట. చిట్లిన టైల్ సందుల్లోంచి తేమ దిగితే కింది ఫ్లాట్ వాళ్లు నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. మీ కిరాయి అగ్రిమెంటుతో వాళ్లకు పనిలేదు. వెళ్లి వాళ్ల సీలింగ్ చూసి, పొడిగా ఉంటే తేదీతో ఫోటో తీసుకోండి.