టెక్ సందేహాలు: రెండు చేతులూ వాద్యం మీదే ఉంటే పేజీ తిప్పేదెలా?

ప్రశ్న: పెళ్లిళ్లకు, ఉత్సవాలకు వెళ్లే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఆర్కే బీచ్ వైపు వేదిక వేసినప్పుడు క్లిప్పులు పెట్టినా సముద్రపు గాలికి నొటేషన్ కాగితాలు నిలవడం లేదు. గాలి లేనిచోట కూడా ఇంటర్లూడ్ మధ్యలో పేజీ కోసం ఒక చేయి తీయవలసి వస్తోంది. నా దగ్గర 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంది. కాలితో పేజీలు తిప్పే పెడల్ కొంటే సరిపోతుందా?
- ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: పెడల్ తప్పక ఉపయోగపడుతుంది. అయితే పేజీ ఎక్కడ తిరగాలో మీరు ముందుగా నిర్ణయించుకోకపోతే ఎంత మంచి పెడల్ అయినా మిమ్మల్ని పాట మధ్యలో ఇబ్బంది పెడుతుంది. పాశ్చాత్య పియానో కచేరీలలో పేజీలు తిప్పడానికే ఒక మనిషి వాద్యకారుడికి ఎడమ పక్కన కూర్చుంటాడు. నొటేషన్ చదవగలిగి, సమయానికి లేచి, పేజీ పై అంచు పట్టుకొని తిప్పడం అతని పని. ఇందులో చేతి పనికంటే ఎప్పుడు తిప్పాలో తెలియడమే ముఖ్యం. పెడల్‌కు ఆ తెలివి ఉండదు కనుక దాన్ని మీరే ఫైలులో అమర్చాలి.

ముందుగా పెడల్ పనితీరు చెబుతాను. ఎయిర్‌టర్న్, పేజ్‌ఫ్లిప్ వంటి పెడళ్లు ట్యాబ్‌కు ఒక చిన్న బ్లూటూత్ టైపింగ్ కీబోర్డులా కనిపిస్తాయి. కుడి మీట తొక్కితే 'పేజ్ డౌన్' లేదా బాణం గుర్తు నొక్కినట్టు సంకేతం వెళుతుంది, ఎడమ మీట తొక్కితే వెనక్కి వెళ్లే సంకేతం వెళుతుంది. అందువల్ల నొటేషన్ యాప్‌లు చాలావరకు ఏ పెడల్‌నైనా స్వీకరిస్తాయి. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది: పెడల్ కలిసి ఉన్నంతసేపు కీబోర్డు ఉన్నదని భావించి ట్యాబ్ తన తెర మీది కీబోర్డును దాచేస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భౌతిక కీబోర్డుకు సంబంధించిన విభాగంలోకి వెళ్లి, తెర మీది కీబోర్డును కూడా చూపించే ఎంపికను ఆన్ చేసుకోండి. కచేరీలో పాట పేరు వెతకవలసి వచ్చినప్పుడు అది లేక అవస్థ పడతారు.

ఆండ్రాయిడ్‌లో ఈ పనికి నేను మొబైల్‌షీట్స్ అనే నొటేషన్ యాప్‌ను సూచిస్తాను. సినిమా పాటలు వాయించేవారికి అందులో అన్నిటికంటే విలువైనది పేజీల వరుసను మనమే నిర్ణయించే సదుపాయం. పల్లవి మొదటి పేజీలో, రెండో చరణం మూడో పేజీలో ఉంటే, ప్రతి చరణం తరువాత పల్లవి కోసం వెనక్కి తొక్కుతూ పోవడం ప్రమాదకరం. 1, 2, 1, 3, 1 అని వరుస రాసిపెడితే పాట మొత్తానికి కాలు ముందుకే తొక్కుతుంది. ఆ రాత్రి వాయించే పాటలన్నిటినీ ఒక సెట్‌లిస్టుగా పేర్చుకుంటే, ఒక పాట చివరి పేజీ తరువాత అదే పెడల్ తొక్కుడుతో తరువాతి పాట తెరుచుకుంటుంది.

తరువాతి పని పేజీని ఎక్కడ విరగ్గొట్టాలో చూసుకోవడం. అచ్చు నొటేషన్ వేసే ప్రచురణకర్తలు వీలైనంతవరకు వాద్యానికి విరామం వచ్చేచోటే పేజీ ముగిసేలా చూస్తారు. మీరు కూడా గాయకుడు ఒక్కడే పాడే లైను దగ్గరో, తబలా బిట్ దగ్గరో పేజీ ముగించండి. అలాంటి చోటు దొరకకపోతే సగం పేజీ తిరిగే పద్ధతిని ఎంచుకోండి. ఇందులో మొదటి తొక్కుడుకు తెర పై సగంలో తరువాతి పేజీ వస్తుంది, కింది సగంలో మీరు వాయిస్తున్న వరుసలు అలాగే ఉంటాయి కనుక కాలు ఒక క్షణం ముందు పడినా ఏమీ పోదు.

ఏ4 కాగితం మూల నుంచి మూలకు 14 అంగుళాలకు పైగా ఉంటుంది కాబట్టి 11 అంగుళాల తెర మీద పూర్తి పేజీ చిన్నదిగా కనిపిస్తుంది. పాట సాహిత్యానికి, కార్డ్స్‌కు (కలిపి వాయించే స్వరాల గుర్తులకు) అది చాలు. అయిదు గీతల నొటేషన్ అయితే అంచుల తెల్ల భాగాన్ని యాప్‌లోనే కత్తిరించండి, లేదా ట్యాబ్‌ను అడ్డంగా పెట్టి సగం పేజీ చొప్పున చదవండి. మీ కుడి పాదం స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ మీద ఉంటుంది కనుక పేజీ పెడల్‌ను ఎడమ పాదం కింద, జారకుండా రబ్బరు మ్యాట్ మీద ఉంచండి. వేదిక ఎక్కేముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి బ్లూటూత్ మాత్రం ఆన్ చేయండి, తెర దానంతట అది ఆరిపోకుండా చూసుకోండి. పగటిపూట ఎండ నేరుగా పడనివ్వకండి. వేడెక్కిన ట్యాబ్ తెర వెలుతురు తగ్గించుకుంటుంది. పెడల్ మొరాయిస్తే తెర అంచు తాకి తిప్పడం కూడా ఇంట్లో సాధన చేసి ఉండాలి.

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో నలుగురం ట్యాబ్‌లు వాడుతున్నాం. ఒకరు తిప్పితే అందరి పేజీలూ తిరుగుతాయా? కంప్యూటరులో టైపు చేసిన తెలుగు పాటలు ట్యాబ్‌లో అర్థంకాని గుర్తులుగా వస్తున్నాయి, ఎందుకు?
- గాజువాక పాఠకురాలు

జవాబు: తిరుగుతాయి. ఐప్యాడ్‌లో పనిచేసే ఫర్‌స్కోర్‌లోనూ, మొబైల్‌షీట్స్‌లోనూ ఒకరి ట్యాబ్ నాయకత్వం వహించి మిగతావాటిని తిప్పే సదుపాయం ఉంది, కానీ అందరూ ఒకే యాప్, ఒకే ఫైలు వాడాలి. బ్రస్సెల్స్ ఫిల్హార్మోనిక్ వంటి పూర్తి ఆర్కెస్ట్రాయే 2012లో కాగితం నుంచి ట్యాబ్‌లకు మారింది కనుక మీ ఆలోచన అసాధ్యమైనదేమీ కాదు. ఆల్టో, టెనార్ వంటి వేర్వేరు గొంతుల వరుసలు వేర్వేరు పేజీలలో ఉంటే మాత్రం ఎవరి పెడల్ వారికి ఉండటమే మంచిది.

ఇక అక్షరాల సంగతి. డీటీపీ కోసం వాడే పాత ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు, అవి లేని పరికరంలో ఆ అక్షరాలు గుర్తులుగా మారతాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటరులోనే ఫైలును పీడీఎఫ్‌గా మార్చి పంపండి.

ప్రశ్న: కర్ణాటక వయొలిన్ వాయిస్తాను. కింద కూర్చొని వాయించేవారికి ఫుట్ పెడల్ కుదురుతుందా?
- సీతమ్మధార పాఠకుడు

జవాబు: కుదరదనే చెప్పాలి. వయొలిన్ తల మీ కుడి చీలమండ మీద ఆని ఉంటుంది, ఆ పాదం కదిలితే వాద్యమే కదులుతుంది. ఫర్‌స్కోర్‌లో కన్ను గీటితే పేజీ తిరిగే సదుపాయం ఉంది, కానీ దానికి ముఖ కదలికలను గుర్తించగల ఐప్యాడ్, అదనపు చందా కావాలి. గమకం మీద నిమగ్నమైన ముఖానికి ఆ పని కూడా అప్పగించడం నాకు సమంజసంగా తోచదు. పల్లవి, అనుపల్లవి, చరణాల స్వరలిపి చాలా కృతులకు ఒకే పేజీలో సర్దుకుంటుంది. దాన్ని పెద్ద అక్షరాలతో, ఒక కృతికి ఒకే పేజీగా తయారుచేసుకొని, కృతికీ కృతికీ మధ్య శ్రుతి సరిచూసుకునేటప్పుడు చేత్తోనే తిప్పండి.